అత్తమ్మ చూపించిన పేజీ

మొన్న ఆదివారం లైనింగు బట్ట కొననీకి పోయి, ఇబ్రహీంపట్నం బస్టాండు కాడ పాత పుస్తకాల బండి ముందు నిలబడ్డ. టైలర్ పని చేసుకునే దానికి పుస్తకాల బండితోని ఏం పని అంటరు. గని ఎంట్రెన్సు గైడ్ల నడుమ నీలి మొకం పిల్ల బొమ్మ కనబడ్డది. ఆకాశంల ఓడలేసుకొని తిరిగే సినిమాలు వస్తయి గద, ఆ సినిమాల మీద ఏసిన బొమ్మల కథల పుస్తకం అది. మా ఇంట్ల ఉన్నది అచ్చం గదే. బండాయన "పిల్లలకా అక్కా?" అన్నడు. "మా అత్తమ్మకు" అని వచ్చింది నా నోట్లకెళ్లి. ఆయన నన్ను ఎగాదిగ చూసిండు. అత్తమ్మ పోయి నాలుగేండ్లాయె. ఆమెకు తెలుగు అక్షరమే రాదు, ఇంగ్లీషు పుస్తకం ఎందుకని చెప్పుకుంట కూసుంటె ఆ బండి కాడ్నే పొద్దుగూకుతది. ఏం చెప్పకుండ వచ్చేసిన. బట్ట కొనుడు కూడ మర్చిపోయిన.

మా అత్తమ్మ అంగట్ల కూరగాయలమ్మిన మనిషి. గొంతు ఎసొంటిదంటె, ఆమె వంకాయల ధర చెప్తె రోడ్డు మీద బస్సుల కూసున్నోళ్లకు ఇనబడేది. ఇంట్ల కూడ గదే గొంతు. నేను పచ్చిపులుసు చేస్తె "ఇది పచ్చిపులుసా, చేతులు కడిగిన నీళ్లా" అని గల్లీ అంతటికి ఇనిపిస్తుండె. నేనేమన్న తక్కువ దాన్నా? "తాగబుద్ధి కాకుంటె పారబొయ్యి అత్తమ్మా" అని మిషన్ తొక్కుకుంటనే అంటుంటి. పెండ్లయిన కాడికెళ్లి పన్నెండేండ్లు ఇట్లనే గడిచింది. మా ఇంటాయన ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడుపుతడు. మా ఇద్దరి నడుమ నోరు తెరిచేకంటె సాగర్ రోడ్డు మీద ట్రాఫిక్‌ల ఇరుక్కునుడే నయమని అనేటోడు. ఇప్పుడు అనిపిస్తది, ఆమె తిట్టకుంటె నాకు వంట చేసినట్లే ఉండకపోతుండె.

ఒక ఎండకాలం పొద్దుగాల ఆమె చేతిలకెళ్లి చాయ్ గ్లాసు జారింది. నేను లోపలి నుంచే "ఇంక పగలగొట్టు, గ్లాసులు ఫుకట్‌కొస్తున్నయి" అన్న. జవాబు రాలె. ఆమె జవాబియ్యకుండ ఊకునుడు ఎన్నడు లేదు, అందుకే ఉరికి వచ్చి చూసిన. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయినయి, మూతి ఒక దిక్కు గుంజుకపోయింది, మాట మొత్తానికే పోయింది. మూడు వారాలు దవాఖానల ఉన్నం. మా బిడ్డకప్పుడు పదేండ్లు, బడికి సెలవులు. నాయినమ్మ మంచం పక్కన కూసోని, తన బొమ్మల పుస్తకం ఇంగ్లీషుల చదువుకొని మన మాటల్ల చెప్తుండె. అది చూసి డాక్టరమ్మ "మంచిగున్నది, ఆమెకు ఏం గావాల్నో బొమ్మల మీద వేలు పెట్టి చూపియ్యమనుండ్రి" అన్నది. ఇంటికొచ్చినంక గదే చేసినం. వెండి సీసాల నీళ్లు తాగే బొమ్మ మీద ఎడమచేతి వేలు పెడితె నీళ్లు. నోరు తెరిచిన ఆకుపచ్చ రాకాసి అయితె ఆకలి. ఓడ తలుపు బొమ్మ బాత్‌రూముకు. కట్టు కట్టుకొని పండుకున్న ఇనుప మనిషి అయితె నొప్పి. నన్ను తిట్టనీకి బొమ్మ అక్కర పడలె, దానికి ఆమె కండ్లే చాలు.

జూన్‌ల మా బిడ్డకు మహేశ్వరం దిక్కు హాస్టలు బడిల సీటొచ్చింది. పోయింది. బిడ్డ పోయిన నాలుగైదు రోజులకు మొదలైంది మా పరేషాని. అత్తమ్మ ఎడమచేతితోని పుస్తకం దగ్గరికి గుంజుకొని, పేజీలు తిప్పి తిప్పి ఒక్క బొమ్మ కాడ ఆగుతుండె. నల్లటి ఆకాశం, దూరంగ ఓడ, ఓడకెళ్లి ఒక సన్నటి తాడు, ఆ తాడు చివర నీలి మొకం పిల్ల ఒక్కతే. ఆ బొమ్మ మీద వేలుతోని టకటక కొట్టి నా మొకం చూస్తుండె. "నీళ్లా? నొప్పా? లైటు బంద్ చెయ్యాల్నా?" అన్నిటికీ తల అడ్డంగ ఊపుడే. పొద్దుగాల, మధ్యాహ్నం, మాపటికి, రోజుకు పదిసార్లు. ఆఖరికి కండ్లల్ల నీళ్లు పెట్టుకొని పుస్తకం ఇసిరికొడుతుండె.

మేం చెయ్యని తిప్పల లేదు. తాడు ఉన్నది గావట్టి నులక మంచం అడుగుతున్నదేమోనని మా ఇంటాయన ఎవరింట్లనో ఉన్నది తెచ్చి ఇనుప మంచం తీసేసిండు. పడిపోతున్నట్లు అనిపిస్తున్నదేమోనని నేను రెండు దిక్కుల దిండ్లు పెట్టిన. పక్కింటక్క వచ్చి బొమ్మ చూసి, నీలి మొకమంటె ఏదో గాలి సోకినట్లున్నదన్నది. ఆమె మాట పట్టుకొని మా ఇంటాయన జల్‌పల్లి మీదికెళ్లి పహాడీ షరీఫ్ దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి కట్టిండు. తాయెత్తు కట్టిన చేతితోనే మళ్ల గదే బొమ్మ మీద కొట్టింది అత్తమ్మ. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలె.

ఒకనాడు నాకు పానం ఇసిగింది. పెండ్లి బ్లౌజులు ఆరు ఇయ్యాల్సి ఉండె. ఆమె బొమ్మ మీద కొట్టుడు ఆపదాయె. మిషన్ కాడికెళ్లి లేచొచ్చి "ఏంది అత్తమ్మా నీ బాధ? నన్ను సంపుతవా, నువ్వు సస్తవా?" అని ఒర్లిన. అన్న తర్వాత సోయికొచ్చిన. ఆమె మెల్లగ ఆ తాడు మీద వేలు పెట్టి, నా దిక్కు చూసింది.

తాడు. పోనియ్యుండ్రి అని అడుగుతున్నది, ఇన్నిరోజుల సంది గదే అడుగుతున్నది అనిపించింది. ఆ రోజు ఇంట్ల ఉన్న తాళ్లన్ని, బట్టలారేసే తీగతోని సహా, మూటగట్టి మిద్దె మీద ఏసిన. కత్తెర్లు బీరువల పెట్టి తాళమేసిన. ఒక్క చెయ్యి కదిలే మనిషి ఏం చేసుకుంటదన్న సోయి కూడ లేదు నాకు. మాపటికి మా ఇంటాయనకు చెప్తె చెప్పులు కూడ ఇడవకుండ గడప మీద కూలబడి ఏడ్చిండు. "మా అమ్మకు బతకాలని లేదానే?" అన్నడు. ఏం చెప్పాలె ఆయనకు? నీ పెండ్లాం నోరే ఆమెను గంత దూరం తెచ్చిందని ఎట్ల చెప్పాలె? ఆయన అమ్మ పక్కన పండుకున్నడు, నేను కాళ్లకాడ కూసున్న. గట్ల ఎన్ని రోజులు గడిపినమో. నేను ఆమెకు అన్నం తినిపిస్తుంటి గని మొకంల మొకం పెట్టి చూడకపోతుంటి. పుస్తకం అటక మీద పెట్టిన. ఆమె ఎడమచెయ్యి ఉత్త దుప్పటి మీద కొట్టుకుంటుండె.

బిడ్డకు ఈ ముచ్చట ఒక్కటి చెప్పలె. హాస్టలోళ్లు వారానికొకసారి రెండు నిమిషాలు ఫోన్ ఇస్తె "నాయినమ్మ మంచిగున్నది, నువ్వు మంచిగ సదువుకో" అంటుంటిమి. కొత్త పిల్లలు ఇంటి మీద పానం పెట్టుకొని ఏడుస్తరని, మొదట్ల రావొద్దని కూడ చెప్పిన్రు. ఆఖరికి చూడనీకి రమ్మన్న ఆదివారం వచ్చింది. అత్తమ్మను పక్కింటక్కకు అప్పజెప్పి, సకినాల డబ్బ పట్టుకొని నేను ఒక్కదాన్నే పోయిన. బిడ్డ నన్ను చూడంగనే అడిగిన మొదటి మాట "నాయినమ్మకు కథ ఎవ్వలు చెప్తున్నరే?"

"ఏం కథ?"

"గదే, నీలిపిల్ల కథ. నేను పోయేనాడు సగంల ఆపిన. నాయిన బస్సు పోతదని పిలిచిండు గద. ఆ పిల్ల ఓడ బాగుచెయ్యనీకి తాడు కట్టుకొని బయటికి దిగింది, మళ్ల లోపటికొచ్చిందా రాలేదా అన్న కాడ ఆగినం. వచ్చి చెప్తా అన్న. నాయినమ్మ అడుగుతలేదా?"

నేను ఆ హాస్టలు గేటు కాడ, అందరు తల్లుల నడుమ, కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చిన. బిడ్డ భయపడ్డది. ఏం కాలె బిడ్డా, మిగిలిన కథ తెలుగుల రాసియ్యి అన్న. నోటుబుక్కుల నాలుగు కాయితాలు చింపి రాసిచ్చింది.

ఇంటికొచ్చి కాళ్లు కూడ కడుక్కోలె. అటక మీదికెళ్లి పుస్తకం దించి, ఆ పేజీ తీసి ఆమె ముంగట పెట్టి, కాయితాలు చూసుకుంట చదివిన. తాడు తెగబోతుంటె ఇనుప మనిషి చెయ్యి చాపి అందుకున్నడని, పిల్లను లోపటికి గుంజిండని, ఓడ మళ్ల కదిలిందని. నాకు చదువుడు సక్కగ రాదు, ఆగుకుంట ఆగుకుంట చదివిన. అత్తమ్మ కండ్లు నా నోటి మీదనే ఉన్నయి. పిల్ల లోపటికొచ్చింది అనంగనే పెద్దగ ఊపిరి ఇడిచింది. నేను కాయితం మడుస్తుంటె ఎడమచేతితోని తనే పేజీ తిప్పి, నా దిక్కు చూసింది. మా ఇంటాయన తలుపు కాడ నిలబడి ఇన్నడు.

దసరా ఇంక పదిరోజులు ఉన్నదనంగ రెండోసారి పక్షవాతం వచ్చింది, ఆమెను తీస్కపోయింది. ఆ లోపల ఆ పుస్తకం ఎన్నిసార్లు చెప్పిన్నో నాకే తెల్వదు. అవ్, చెప్పిన. అయినా నాకు యాదికొచ్చేది అవి గావు, ముందటి రోజులే. మంచంల ఉన్న మనిషికి నీళ్లు, అన్నం, మందులే గావాలె అనుకున్న. ఏమైందో తెలుసుకోవాలని కూడ ఉంటదని నాకు తట్టలె. నలభై రోజులు, రోజుకు పదిసార్లు, ఆమె నన్ను అడిగింది ఒక్క పావుగంట. అప్పుడు నాకు బ్లౌజులు ఉండె. ఇప్పుడు నా తాన పావుగంటలు మస్తుగున్నయి.