వెన్నుపూసల వేదాంతమూ నా ఎడమకాలూ

ఆ రోజుల్లో వాదించి గెలిస్తే చాలు, లోకం తనంతట తనే దారికొస్తుందని నా నమ్మకం. ఇప్పుడు వాదించడం మానేశానని కాదు (మా ఆయన్ని అడగండి), గెలిచాక కూడా లోకం తన దారిన తాను పోతుందని తెలిసింది, అంతే. కొత్త శతాబ్దం వచ్చి అప్పటికి ఒకటి రెండేళ్లయి ఉంటుంది. నాన్న ఉద్యోగం కోసం తెనాలి వైపు నుంచి వచ్చి మేడ్చల్‌లో కొత్తగా లేచిన కాలనీలో స్థిరపడ్డ కుటుంబం మాది. నేను జువాలజీతో డిగ్రీ పూర్తిచేసి, పాలవాడితో, పేపరువాడితో, కేబుల్ టీవీ అతనితో వాదిస్తూ కాలక్షేపం చేస్తున్నాను. నాన్నకు నా నోరంటే భయం. అమ్మకు దిగులు. కాలనీకి మాత్రం నా నోటితో పనిలేదు, వాళ్లకు కావలసింది నా కాలు.

ఎందుకో చెప్పాలి. నేను ఎదురుకాళ్లతో పుట్టాను. బిడ్డలందరూ తల ముందుపెట్టి ఈ లోకంలోకి వస్తే నేను కాళ్లు ముందుపెట్టి వచ్చాను. (లోపలే ఏదో వాదన మధ్యలో ఉండి తల తిప్పడానికి ఒప్పుకుని ఉండదని నాన్న అంటారు.) అలా పుట్టినవాళ్లు ఎడమకాలితో మూడుసార్లు తన్నితే పట్టేసిన నడుము వదులుతుందని మా తెనాలి వైపు అంటారు, ఇక్కడ మేడ్చల్‌లోనూ అంటారు. పప్పులో చింతపండు ఎంత వెయ్యాలన్న విషయంలో కూడా ఏకాభిప్రాయం కుదరని మా కాలనీలో అందరూ కలిసి ఒప్పుకున్న సత్యం నా ఎడమకాలు ఒక్కటే. వచ్చిన కొత్తలో అమ్మ ఈ సంగతి పక్కింటి అవ్వకు చెవిలో చెప్పింది. అవ్వ చెవిలో చెప్పడమంటే మైకులో చెప్పడమే. ఇక రోజూ పొద్దున్నే నేను పళ్లు తోముకోకముందే మా గుమ్మంలో ఎవరో ఒకరు వీపు తిప్పి నిలబడేవాళ్లు.

డిగ్రీ పాసయిన రోజున వాకిట్లోకి వచ్చి ప్రకటించాను. "నేను సైన్సు చదివాను. ఇకమీదట ఎవర్నీ తన్నను."

అవ్వ నోరు తెరిచి చూసింది. "అయ్యో బిడ్డా, గంత సదువు సదివి చేసే ఒక్క మంచిపని గూడ బంజేస్తవా?"

అదే రోజు నాన్న కూడా తన ప్రకటన చేశారు. వినాయక చవితిలోగా ఒక పద్ధతైన ఉద్యోగం చూసుకోవాలి, లేకపోతే తెనాలిలో మా పెద్దత్త ఇంట్లో ఉండి బి.ఎడ్. చదవాలి. బి.ఎడ్. అంటే నాకు భయం లేదు. పెద్దత్త అంటేనే భయం. ఆవిడ ఎదుటివాళ్ల వాదన వినదు, వినడానికి ఊపిరి తీసుకోవాలి కదా, అంత విరామం కూడా ఇవ్వదు. అందుకని మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద, ఎరువుల దుకాణం పైన, 'మందులు లేవు, ఆపరేషన్ లేదు, చేతి వైద్యం మాత్రమే' అన్న బోర్డు కింద 'అసిస్టెంటు కావలెను' అన్న కాగితం కనిపించగానే మెట్లెక్కేశాను.

ఆయన్ని ఊళ్లో టకటక డాక్టరు అనేవాళ్లు, మెడ తిప్పితే టక్, నడుం తిప్పితే టక్ మని శబ్దం వస్తుందని. మేడ్చల్ మనిషే. దుబాయిలో ఎవరో తెల్లదొర దగ్గర పనిచేస్తూ కైరోప్రాక్టిక్ అనే వెన్నుపూసల వైద్యం నేర్చుకుని వచ్చాడట. చేతిపని కొంచెం, వేదాంతం ఎక్కువ నేర్చుకున్నాడని నా అనుమానం. ఆయన మూలన ప్లాస్టర్‌తో చేసిన ఒక వెన్నెముకను కొక్కేనికి వేలాడదీశాడు. దాన్ని చూసి ఇద్దరు రోగులు మెట్ల మీద నుంచే వెనక్కి పోవడం నేను కళ్లారా చూశాను.

ఇంటర్వ్యూలో నన్నేమీ అడగలేదు, తనే ఒక కథ చెప్పాడు. అమెరికాలో ఒకాయన అయస్కాంతాలతో వైద్యం చేసేవాడట. ఆయన ఉండే మేడలో ఊడ్చే పనివాడికి చెవుడు. ఎన్నో ఏళ్ల కిందట వంగి ఏదో బరువు ఎత్తబోతే వీపులో టక్ మందట, ఆనాటి నుంచీ వినిపించలేదట. ఈయన వీపు తడిమి చూస్తే ఒక పూస పక్కకు జరిగి ఉంది. బలంగా నొక్కాడు. అంతే, పనివాడికి వీధిలో బండి చక్రాల చప్పుడు వినిపించిందట. ఈ వైద్యం పుట్టింది అలాగట.

నేనూరుకుంటానా! "చెవి నరం తలలోనే పుట్టి తలలోనే చెవికి పోతుందండీ. వీపు దాకా రాదు. వీపులో నొక్కితే చెవుడెలా పోతుంది?"

డాక్టరు ముఖం వెలిగిపోయింది. "గదీ! గిట్ల అడిగేటోళ్లే గావాలె నాకు. ఈడికి వచ్చేటోళ్లు ఏం అడగరు, పండుకుంటరు, లేస్తరు, పోతరు. రేపటి సంది రామ్మా."

"జవాబు చెప్పలేదు మీరు."

"జవాబు ఉంటే నీకెందుకిస్త ఉద్యోగం?"

నా పని ఏమిటంటే, రోగిని బల్ల మీద పడుకోబెట్టి, డాక్టరు ఇంగ్లీషు మాటలతో చెప్పే సిద్ధాంతాన్ని తెలుగులోకి మార్చడం. రోగి అదంతా వినందే ఆయన చెయ్యి వేసేవాడు కాదు. సృష్టినంతా నడిపే ఒక మహాప్రజ్ఞ ఉంది. అందులో ఒక పాలు ప్రతి ఒంట్లోనూ ఉండి గుండెను కొట్టిస్తుంది, పుండును మాన్పుతుంది. అది మెదడు నుంచి వెన్నెముక గుండా నరాల్లో ప్రవహిస్తుంది. పూస ఒకటి పక్కకు జరిగితే దారి మూసుకుపోతుంది, రోగం వస్తుంది. వైద్యుడు నయం చేసేదేమీ లేదు, అడ్డు తీస్తాడు, మిగతా పని లోపలిదే చూసుకుంటుంది. ఇదీ ఆయన మతం. (మతమని ఊరికే అనడం లేదు. ఆ మొదటాయన కూడా దీన్ని మతంగా ప్రకటించాలా, వైద్యంగానా అని కొంతకాలం ఊగిసలాడాడని మా డాక్టరే చెప్పాడు.) నేను 'అంతర్గత ప్రజ్ఞ' అని గంభీరంగా చెబితే రోగులు గోడ గడియారం వంక చూసేవాళ్లు. ఒకరోజు శామీర్‌పేట నుంచి వచ్చిన ఒక రైతు బోర్లా పడుకునే తల ఎత్తి అన్నాడు. "గిదంత ఏంది మేడం, కరెంటు సంగతేనా? పై నుంచి వస్తాంది, నడుమ ఫ్యూజు వోయింది. వైరు కట్టుమను, నాకు బస్సుకు టైమయితాంది."

డాక్టరు ఆ మాటకు పొంగిపోయి, మర్నాటి నుంచీ 'ప్రజ్ఞ' తీసేసి 'కరెంటు' పెట్టించాడు.

ఆయన ఉపన్యాసంలో నాకు ఇష్టమైన ఘట్టం ఇంకొకటి ఉంది. తొలినాళ్లలో లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నారని అమెరికాలో ఆ మొదటాయన్నీ ఆయన శిష్యుల్నీ జైల్లో వేశారట. జరిమానా కట్టి బయటపడమంటే తలవంచం అని చాలామంది జైలుకే పోయారట. ఆ వెంటనే డాక్టరు మూఢనమ్మకాల మీదికి వెళ్లేవాడు. "మనోళ్లు ఏం జేస్తరు? ఎదురుకాళ్లతోని పుట్టినోళ్లతోని తన్నిపిచ్చుకుంటరు. ఎంత సిగ్గు! మనిషి నడుమా, మోటరు సైకిలా?" నేను దాన్ని మరింత మసాలా వేసి అనువదించేదాన్ని. కాని వరండాలో అవ్వ గొంతు వినిపిస్తే మాత్రం మసాలా తగ్గించేదాన్ని. అవ్వకు భుజం నొప్పి. రెండు రోజులకోసారి వచ్చేది. నా గుట్టు బయటపెట్టవద్దని బతిమాలి, రోజుకో కట్ట తమలపాకులు కొనిపెట్టే ఒప్పందం మీద ఆమె నోరు మూయించాను. సైన్సు మాట్లాడే అసిస్టెంటు స్వయంగా తన్నుడు మనిషని తెలిస్తే డాక్టరు ఉంచుకుంటాడా? ఉంచుకోకపోతే తెనాలి. తెనాలి అంటే పెద్దత్త.

వినాయక చవితి దగ్గరపడుతున్న కొద్దీ రోగులు తగ్గిపోయారు. (నొప్పి భరిస్తాంగాని ఉపన్యాసం భరించలేమని ఒకావిడ నాతోనే అంది.) అప్పుడు దేవుడు పంపినట్టు తుర్కపల్లిలోని ఒక ల్యాబు నుంచి కబురొచ్చింది. అక్కడి సైంటిస్టులు రోజంతా వంగి సూక్ష్మదర్శినుల్లో చూసి చూసి మెడలు పట్టేసుకుంటున్నారట. వచ్చి చేసి చూపిస్తే, నచ్చితే, వారానికోసారి రమ్మంటారట. "ఇది కుదిరితే మనం ఉంటమమ్మా. లేకుంటే దుకాణం బంద్" అన్నాడు డాక్టరు. వైద్యం ఫలించిందని సాక్ష్యం చెప్పడానికి ఒక రోగిని వెంట తీసుకెళ్లాలనుకున్నాడు. ఊళ్లో అంతమంది ఉండగా ఆయన ఎంచుకున్నది అవ్వనే.

ల్యాబు వాళ్ల కారు వచ్చి మమ్మల్ని, మడతబల్లను, ప్లాస్టర్ వెన్నెముకను ఎక్కించుకుని శామీర్‌పేట మీదుగా తుర్కపల్లి తీసుకెళ్లింది. అవ్వ దారి పొడుగునా ఆ వెన్నెముకను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, గతుకు వచ్చినప్పుడల్లా "జర పయిలం బిడ్డా" అని దానికే చెబుతూ. సైంటిస్టులు భోజనాలకు వెళ్లారు, పావుగంటలో వస్తారని మమ్మల్ని ఒక పెద్ద హాల్లోకి పంపారు. డాక్టరు ఉత్సాహంగా మడతబల్ల ఎత్తి వేదిక మీద పెట్టబోయాడు. టక్ మంది.

నేను బల్ల అనుకున్నాను. డాక్టరు. నడుం దగ్గర సగానికి వంగి, వేదిక అంచు పట్టుకుని, వెనక్కీ ముందుకూ రాలేక అలాగే ఆగిపోయాడు.

"పట్టేసింది" అన్నాడు నేలతో.

"అడ్డు ఎక్కడుందో చెప్పండి, తీస్తాను" అన్నాను. ఇన్నాళ్లు అనువదించిన విద్య కదా. ఆయన చెప్పినచోట అరచేయి పెట్టి నొక్కాను. ఆయన వేసిన కేకకు బయట వాచ్‌మన్ తొంగిచూసి వెళ్లాడు.

అవ్వ వక్కాకు బుగ్గన పెట్టుకుని ఇదంతా సినిమాలా చూస్తోంది. తర్వాత నింపాదిగా అంది. "గిట్ల పిసుకుడు ఎందుకు బిడ్డా? నీ కాలుండె గద. తన్ను."

డాక్టరు తల తిప్పలేడు కాబట్టి కళ్లు మాత్రం తిప్పాడు. "ఏమంటున్నది అవ్వ?"

"ఎదురుకాళ్ల పిల్ల సారూ. మా కాలనీ కాలనీ అంత తన్నిపిచ్చుకునేది. సదివినంక నకరాలు జేస్తాంది." (అయ్యో, నా తమలపాకులు!)

ఇక నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. "జల్దీ తన్ను మరి" అన్నాడు డాక్టరు.

"మూఢనమ్మకం అన్నది మీరే కదండీ! సిగ్గు అన్నారు. మోటరు సైకిలా అన్నారు."

"అన్న. ఇప్పుడు మోటరు సైకిలే అనుకో."

"కాలికీ పుట్టుకకీ ఏమిటండీ సంబంధం? ఏ నరం ఎక్కడికి పోతుందని?"

"ఆ ఊడ్చేటోని చెవికీ వీపుకీ ఏం సంబంధం? ముందుగాల నొక్కిండు, తర్వాత సిద్ధాంతం రాసిండు. నువ్వు గూడ ముందుగాల తన్ను, రాసుడు నేను జూసుకుంట!"

"అంటే మీ సిద్ధాంతం తర్వాత అతికించిందని ఒప్పుకుంటున్నారా?"

"నీకు దండం పెడత, వాదన తర్వాత!"

బయట వరండాలో బూట్ల చప్పుడు వినిపించింది. వస్తున్నారు. వినాయకుడూ బి.ఎడ్.ఊ పెద్దత్తా అందరూ ఒక్కసారి కళ్లముందు తిరిగారు. చెప్పు విడిచి, ఇన్ని నెలల అనువాదం కసి అంతా కూడదీసుకుని తన్నాను. ఒకటి. రెండు. మూడోదానికి తలుపు తెరుచుకుంది. తెల్లకోట్లలో పాతికమంది సైంటిస్టులు, అందరికన్నా ముందు నెరిసిన జుట్టు పెద్ద మేడం, గుమ్మంలో నిలబడి, వైద్యుణ్ణి అసిస్టెంటు వెనక నుంచి తన్నడం చూశారు.

టక్ మంది. డాక్టరు మెల్లగా నిటారుగా లేచాడు. నడుం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తిరిగి సభకు నమస్కారం పెట్టాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ప్రదర్శన మొదలైందనుకున్నారు పాపం.

"ఇది ఏ పద్ధతి అండీ?" అంది పెద్ద మేడం.

"చేతితోని చేసేది పాతది మేడం" అన్నాడు డాక్టరు, రెప్ప వెయ్యకుండా. "గిది కాలితోని. మా అసిస్టెంటు గిండ్ల స్పెషలిస్టు."

ఉపన్యాసం అద్భుతంగా సాగింది. చివర్లో ఒక కుర్ర సైంటిస్టు లేచి, చెవి నరం తలలోనే ఉంటుంది కదా, వీపు నొక్కితే చెవుడెలా పోయింది అని అడిగాడు. నా ప్రశ్న! ఎగిరి గంతెయ్యాల్సింది పోయి, నాకు ఒళ్లు మండింది. మా డాక్టర్ని అడగడానికి వీడెవడు? లేచి నిలబడ్డాను. "చెవుడు నిజంగా పోయిందో లేదో చూసినవాళ్లు మనలో లేరు. ఆయన చెప్పిన కారణం తప్పే కావచ్చు. కాని కారణం తప్పయినంత మాత్రాన నొప్పి తగ్గినవాణ్ణి మళ్లీ వంగి నిలబడమంటామా?" అని పది నిమిషాలు దులిపాను. డాక్టరు నన్ను, తప్పిపోయి దొరికిన బిడ్డను చూసినట్టు చూశాడు. వారానికోసారి రమ్మన్నారు, ఒకే ఒక్క షరతు మీద. కాలి మేడం కూడా రావాలి.

నాన్న వినగానే కుర్చీలో కూలబడ్డారు. "డిగ్రీ చదివించింది ఊళ్లోవాళ్లను తన్నడానికటే?"

అమ్మ మాత్రం తొణకలేదు. "ఇన్నాళ్లూ ఊరికే తన్నేది, ఇప్పుడు జీతానికి తంతోంది. ఎదుగుదలే కదండీ." ఆ ఏడు వినాయకుడు నిమజ్జనానికి వెళ్లాడు, నేను తెనాలి వెళ్లలేదు.

రెండేళ్లు నడిచింది ఆ దుకాణం. తర్వాత వీధికో ఫిజియోథెరపీ సెంటరు వచ్చింది, డాక్టరు మళ్లీ దుబాయి విమానం ఎక్కాడు, నేను మేడ్చల్‌లోనే ఉండి బి.ఎడ్. చేసి పంతులమ్మనయ్యాను. చాలా ఏళ్లకు ఎక్కడో చదివాను. ఆ ఊడ్చే మనిషి కూతురు చెప్పిన కథ వేరట. వాళ్ల నాన్న నడవాలో ఎవరికో జోకు చెబుతున్నాడట, ఆ అయస్కాంతాల వైద్యుడు విని పగలబడి నవ్వుతూ చేతిలోని పుస్తకంతో ఆయన వీపు మీద ఒక్కటి చరిచాడట, చెవులు తెరుచుకున్నది అలాగట. అంత పెద్ద వేదాంతమూ, జైళ్లూ, కాలేజీలూ, మా మేడ్చల్ మెట్ల మీది బోర్డూ, అన్నీ నవ్వుతూ వేసిన ఒక చరుపులోంచి పుట్టి ఉండవచ్చు. డాక్టరుకు వెంటనే చెబుదామనుకుంటే ఆయన నంబరు లేదు. ఎంత వాదన పోయింది!

పోయిన నెల బీరువా కింద పడ్డ దువ్వెన తీయబోతే నాకే టక్ మంది. సగానికి వంగి, మంచం అంచు పట్టుకుని, నేలతో మాట్లాడుతున్నాను. నా కాలు నా నడుముకు అందదు. మా ఆయన తల ముందుపెట్టి పుట్టిన సామాన్యుడు. నన్ను తన్నడానికి కాలనీలో ఎదురుకాళ్ల పిల్లలెవరైనా ఉన్నారేమోనని వాకబు చేయించాను. ఒక్కరూ లేరు. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందంటే ఇప్పుడు ఆపరేషన్ చేసి తీసేస్తున్నారు కదా, కాళ్లు ముందుపెట్టే తీరిక ఎవరికిస్తున్నారు? జువాలజీ చదివినదాన్ని, అంతరించిపోతున్న జాతి అంటే ఏమిటో పిల్లలకు ఏటా చెబుతాను. అది నేనేనని తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది.

నాలుగు రోజులకు నొప్పి దానంతట అదే తగ్గింది. (లోపలి కరెంటు, అనేవాడు డాక్టరు.) ఐదోరోజు పొద్దున తలుపు తీస్తే ఎదురింటి కొత్త కోడలు, సాఫ్ట్‌వేర్ పిల్ల, ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని సిగ్గుపడుతూ నిలబడి ఉంది. "ఆంటీ, మా అత్తమ్మ చెప్పింది... మీరు... నేను నమ్మను గానీ..."

"నమ్మకూడదు" అన్నాను. గుమ్మంలోనే నిలబెట్టి నరాల గురించి, కండరాల గురించి, ఎదురుకాళ్లకూ నడుముకూ ఏ సంబంధమూ లేకపోవడం గురించి పది నిమిషాలు చెప్పాను. ఓపిగ్గా విన్నది. తర్వాత బ్యాగు కింద పెట్టి, వీపు తిప్పి నిలబడింది.

నేను ఎడమ చెప్పు విడిచాను.