సత్తయ్య మామకు చేరని మాట

కొత్త స్టీలు డబ్బా మూత తీయగానే ఒక వాసన వస్తుంది. పాత పేపరూ, ఎండుగడ్డీ, మెరుగు పెట్టిన లోహమూ కలిసిన వాసన. మొన్న సూరత్‌లోని డిండోలిలో మా ఆవిడ పప్పులకు డబ్బాలు కొంటుంటే దుకాణదారు ఒకదాని మూత లాగి చూపించాడు. ఆ వాసన తగలగానే నేను బయటికి వచ్చి నిలబడ్డాను. ఏమైందని అడిగితే ఎండ ఎక్కువగా ఉందన్నాను. ఎండ కాదు. నాకు పదకొండేళ్లప్పుడు మా అమ్మ, మా అవ్వ, నా చేత ఒక మాట పంపించింది. అది అందవలసిన మనిషికి నేను అందించలేదు. అందించానని ఆమెతో అబద్ధం చెప్పాను. అంతకన్నా పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. ఆ మనిషి సంగతి ఎవరు ఎత్తినా, "మా అవ్వ భయపడ్డది, ఆమె ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన బయటపడేవాడు" అని, ఇంట్లోవాళ్ల చెవిన పడకుండా, ఏళ్ల తరబడి అందరితో అన్నాను. అవ్వ ఇప్పుడు లేదు. ఆమె మీద నేను వేసిన ఆ మచ్చను నేనే తుడవాలి.

మా వాళ్లది కరీంనగర్ వైపు. అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలవడం మా అలవాటు. మరమగ్గాల పనికి సూరత్ వచ్చి ఉధనా దగ్గర ఒక ఇరుకు గల్లీలో ఉండేవాళ్లం. కింద కార్ఖానాలు, పైన మా గదులు. పగలంతా నేల అదురుతూ ఉండేది, గోడకు తగిలించిన పళ్లెం దానంతటది మోగుతూ ఉండేది. ఆ చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ మా వాళ్ల గొంతులు ఎంత పెరిగాయంటే, పెళ్లికో చావుకో ఊరికి పోయినప్పుడు మామూలుగా మాట్లాడుకుంటున్నా కొట్లాడుకుంటున్నారేమోనని పక్కింటివాళ్లు తలుపులు తెరుచుకుని వచ్చేవారు.

వానాకాలంలో పక్కనున్న ఖాడీ, అంటే మురుగు వాగు, పొంగి నల్లటి నీళ్లు గల్లీలోకి వచ్చేవి. నూలు అయిపోయిన కండెలను ఆ నీళ్లలోకి వదిలి, ఎవరి పడవ ముందు మూల తిరుగుతుందోనని మేం పందేలు కట్టేవాళ్లం. వానలు తగ్గి బతుకమ్మ వచ్చేసరికి ఆడవాళ్లు తంగేడు పూలు దొరకడం లేదని నోరారా సూరత్‌ను తిట్టి, చివరికి బజారు బంతిపూలతోనే బతుకమ్మను నిలువెత్తు పేర్చేవారు. చేతులు మూసి తెచ్చి మా నోళ్లలో పెట్టిన మలీద ముద్దల్లో బెల్లంతో పాటు వాళ్ల చేతుల పసుపు కూడా తగిలేది. ఆ తర్వాతి పున్నమి మరునాడు ఊరు ఊరంతా ఘారీ తినేది. నెయ్యి గట్టిపడి తెల్లగా పేరుకున్న ఆ మిఠాయి ఒక్కటంటే ఒక్కటే బాపు కొని తెచ్చేవాడు. కత్తి పెడితే పొడి రాలుతుందని అవ్వ దానిని దారంతో కోసి అందరికీ పంచేది. కాగితానికి అంటిన నెయ్యి నాకు వదిలేది. చలి ముదిరాక తాపీ నది ఒడ్డున నిప్పుల మీద కాల్చి దులిపిన లేత జొన్న గింజలు, పోంక్ అనేవారు, పచ్చగా వేడిగా కాగితం పొట్లంలో పట్టుకుని, తినడం కన్నా ముందు చేతులు కాచుకునేవాళ్లం.

ఆ గల్లీ మొదట్లో సత్తయ్య మామ సామాన్ల దుకాణం ఉండేది. మగ్గం బెల్టులో ఎడమచేతి వేళ్లు పోగొట్టుకుని, పనికి పనికిరాక, అప్పో సప్పో చేసి ఆయన ఆ దుకాణం పెట్టాడు. స్టీలు గిన్నెలు, స్టవ్వులు, కుక్కర్లు, టేబుల్ ఫ్యాన్లు. దీపావళికి బోనస్ ముట్టిన రోజున మగవాళ్లంతా అక్కడ గుమిగూడేవారు. మా బాపు ఆయనను బావా అని పిలిచేవాడు, అందుకని నాకు ఆయన మామ. ఆ దుకాణానికి ఒక చెడ్డపేరు ఉండేది. అక్కడ కొన్న డబ్బాలకు మూతలు సరిగా పడవని.

"ఏం బావా, డబ్బాలు ఈడ కొని మూతలు అత్తగారింట్ల కొన్నవా ఏంది? ఒక్కటి సుత సక్కగ పడది" అనేవాడు బాపు అందరి ముందూ.

"నీ నోటికే పడలే మూత, నా డబ్బాకేం పడ్తది బావా!" అనేవాడు సత్తయ్య మామ. అందరూ నవ్వేవారు. బాపు అందరికన్నా గట్టిగా నవ్వేవాడు.

నిజానికి ఆ మూతలన్నీ చక్కగానే పడేవి. పండుగకు కంపెనీలు సామాన్ల మీద కొంత ధర తగ్గించేవి. సత్తయ్య మామ తన లాభంలోంచి మరికొంత కలిపి, బిల్లులో రిబేటు అని రాసి, మిగిలిన ధర మీదనే అమ్మకపు పన్ను కట్టేవాడు. కానీ కొన్న మగవాడి దగ్గర మాత్రం పూర్తి ధర తీసుకునేవాడు. తగ్గించిన పైసలు ఆ చేతుల్లో మిగిలితే అవి గల్లీ వెనక దొంగచాటుగా అమ్మే సారాకే పోతాయని ఆయనకు తెలుసు, మా అందరికీ తెలుసు. బిల్లు గుజరాతీలో ఉండేది కాబట్టి మగవాళ్లు దాన్ని మడిచి జేబులో పెట్టుకునేవారే గాని చదివేవారు కాదు. పండుగ దాటాక ఆడవాళ్లు ఒక్కొక్కరే డబ్బా పట్టుకుని, "మూత పడ్తలేదన్నా" అంటూ వచ్చేవారు. ఆయన డబ్బా లోపలికి తీసుకుపోయి, మూత మార్చినట్టు చేసి, రిబేటు పైసలు అందులో పెట్టి తెచ్చి ఇచ్చేవాడు.

అవ్వతో నేనూ వెళ్లేవాణ్ని. మొదటిసారి ఆమె తీసుకోవడానికి వెనకాడితే ఆయన అన్న మాట నాకు గుర్తుంది. "ఇది నీ ఇంటి పైసనే చెల్లె, నా దానం కాదు. బావకు నువ్వు చెప్పకు, నేను సుత చెప్ప."

ఆ పైసలు మా ఇంట్లో బియ్యం అడుగున ఉండేవి. నూలు రాక మగ్గాలు బందైన రోజుల్లో కూడా మా పొయ్యి ఆరలేదంటే అందుకే. నేను ప్రైవేటు బడిలో గుజరాతీలో చదువుకున్నానంటే కూడా అందుకే. ఫీజు మాఫీ అయిందని అవ్వ బాపుతో చెప్పింది. నా వయసు పిల్లలు చాలామంది అప్పటికే కార్ఖానాల్లో కండెలు చుట్టే పనికి పోతున్నారు. సాయంత్రం వాళ్ల వేళ్లకు నూలు కోసిన గీతలు చూపించుకునేవారు. నేను నా చేతులు వెనక్కి పెట్టుకునేవాణ్ని.

పోంక్ అమ్మే రోజుల్లోనే అమ్మకపు పన్ను ఆఫీసరు మా గల్లీకి వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. సత్తయ్య మామ కొన్నవాళ్ల దగ్గర పూర్తి ధర వసూలు చేసి, ఇవ్వని రిబేటు బిల్లులో చూపించి, ఆ మేరకు పన్ను ఎగ్గొట్టాడని ఎవరో అర్జీ పెట్టారట. బిల్లుల మీద ఉన్న పేర్లను పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ మా గదికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. బాపుకు గుజరాతీ అంతంత మాత్రం కనుక మధ్యలో నేను నిలబడి చెప్పాను.

"రిబేటా? ఏడ ఇచ్చిండు సాబ్, రూపాయి సుత తగ్గియ్యలే" అన్నాడు బాపు. ఆయన చెప్పింది ఆయనకు తెలిసిన నిజం.

ఆఫీసరు తలుపు దగ్గర నిలబడ్డ అవ్వను అడిగాడు. అవ్వ బాపు వంక చూసి, "నాకేం ఎరుక, ఆయననే అడుగుండ్రి" అంది. అప్పుడాయన నా భుజం మీద చెయ్యి వేసి, "సాచు బోల్‌జే, దీక్రా" అన్నాడు. నిజం చెప్పు బాబూ అని. దుకాణంవాడు ఎప్పుడైనా పైసలు తిరిగి ఇచ్చాడా అని అడిగాడు.

"నా, సాహెబ్" అన్నాను. లేదని.

రిబేటు తమకు ముట్టిందని కొన్న ఇళ్లవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి చెప్పినా కేసు తేలిపోతుందని అంటూ ఆయన లేచి వెళ్లాడు. అది అవ్వకు అర్థమయ్యేలా చెప్పింది కూడా నేనే.

మరునాడు బాపు పనికి పోగానే అవ్వ బియ్యం ఏరుతూ నన్ను దగ్గరికి పిలిచింది. ఆమె ఏడవడం లేదు. గొంతు కూడా గట్టిగానే ఉంది.

"శంకరూ, జల్ది పోయి సత్తయ్య మామకు చెప్పు. మా అవ్వ అస్తదట, ఆపీసరు ముంగట నిలవడి పైసలు ముట్టినయని చెప్తదట, ఇంకో ఇద్దరు ముగ్గురిని సుత తోలుకస్తదట అని. ఆయన ఎప్పుడు రమ్మంటె గప్పుడస్త."

"బాపు కొడ్తడు గద అవ్వా."

"కొడ్తె కొట్టనియ్యి. బాపు ఒక్కనాడు కొడ్తడు. గాయన జన్మంత దొంగ అనిపిచ్చుకోని బతుకాల్నా?"

నేను దుకాణం దాకా పోయాను. సత్తయ్య మామ ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. "ఏంది అల్లుడా, అవ్వ తోలిందా?" అన్నాడు. ఆ ప్రశ్నలో ఉన్న ఆశ నాకు ఆ వయసులో కూడా తెలిసింది. బాపు కొడతాడనే భయం ఒక్కటే అయితే నేను నోరు విప్పేవాణ్నేమో. కానీ ఈ సంగతి బయటపడితే ఫీజు సంగతీ బయటపడుతుంది, బడి మానిపించి కండెల దగ్గర కూర్చోబెడతారు. నేను నా వేళ్ల గురించి ఆలోచించాను. "లేదు మామా, ఊకెనే అచ్చిన" అని, బయట సంక్రాంతి గాలిపటాల దారానికి మాంజా పూస్తుంటే చూసే నెపంతో వెళ్లిపోయాను.

ఇంటికి వచ్చి అవ్వతో, "చెప్పిన. వద్దన్నడు. ఆడిబిడ్డలను ఆపీసుల పొంటి తిప్పి నేను బతుకుతనా అన్నడు" అన్నాను. ఆ మాట నేను అప్పటికప్పుడు కల్పించినదే. కానీ అది అచ్చం ఆయన అనే మాటలాగే ఉండడంతో అవ్వ నమ్మింది. చాట పక్కన పెట్టి, అప్పుడు ఏడ్చింది. "దేవుడసోంటి మనిషి" అంది.

సత్తయ్య మామ ఒక్క ఇంటి ఆడమనిషి పేరు కూడా బయటపెట్టలేదు. పన్నూ జరిమానా కట్టడానికి సామానంతా తూకానికి అమ్ముకున్నాడు. నిన్నటిదాకా బావా అన్న మగవాళ్లే, తమ పేర్ల మీద రిబేటు రాసుకుని తిన్నాడని దుకాణం ముందు నిలబడి తిట్టారు. పిల్లలం "టాక్స్ చోర్" అని అరిచాం. ఆ అరుపుల్లో నా గొంతు కూడా ఉంది. ఆయన కుటుంబంతో సూరత్ బయట జోల్వాకు వెళ్లిపోయి ఒక కార్ఖానాకు కాపలాదారుగా కుదిరాడని తర్వాత తెలిసింది. నా చదువు సాగింది. ఆ చదువుతోనే ఇప్పుడు చీరల మార్కెట్లో లెక్కలు రాస్తున్నాను. అవ్వ తన చివరి రోజుల్లో కూడా, "ఆనాడు సత్తయ్యన్న వద్దనకపోతె నేను పోదును" అని అనేది. అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు.

ఈ మధ్య ఆ గల్లీకి పోయి చూశాను. మా గదుల చోట నాలుగంతస్తుల భవనం లేచింది. కింద కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లు నడుస్తున్నాయి, నేల అదరడం లేదు. ఖాడీ మీద కాంక్రీటు కప్పేశారు. పడవలు వదలడానికి నీళ్లు లేవు, కండెలూ లేవు. పందేలు కట్టిన పిల్లల్లో ఒకరిద్దరు ఎక్కడున్నారో అడిగినా ఎవరూ చెప్పలేకపోయారు. రిబేట్లు ఇప్పుడు నేరుగా ఫోన్లోకి పడుతున్నాయి. ఎవరి ఫోన్ అయితే వాళ్లకే.

సత్తయ్య మామ ఇప్పుడు డిండోలిలోనే కూతురి దగ్గర ఉంటున్నాడు. ఇన్నేళ్లుగా ఆ వీధి తప్పించి తిరిగిన నేను డబ్బాలు కొన్న మరుసటి వారం వెళ్లాను. చూపు బాగా తగ్గింది, పేరు చెబితే గాని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు, అన్నీ అడిగాడు. అవ్వ పోయిందని విన్నానని, రాలేకపోయానని అన్నాడు.

"దుకాణం పోతె పోయింది అల్లుడా, దానికి రంది లేదు" అన్నాడు. "అన్ని ఇండ్ల ఆడిబిడ్డలను నా చెల్లెండ్లనుకున్న. ఒక్కతి సుత గడప దాటి రాలే. కనీసం మీ అవ్వన్న అస్తదనుకున్న. గదొక్కటే ఇంకా గుచ్చుకుంటది."

నేను మంచం దిగి కింద కూర్చున్నాను.

"మామా, అవ్వ అస్తనన్నది. గా దినమే నన్ను నీ తానకు తోలింది. నీకు చెప్పకుంట నేనే మింగిన. నువ్వు వద్దన్నవని అవ్వకు అబద్దం చెప్పిన. ఆమె చచ్చేదాక గదే నమ్మింది. తప్పు అవ్వది కాదు మామా, నాది. నన్ను మాఫ్ చెయ్యి."