నా పాత ఫోనులో భవ్యశ్రీ స్ప్రింగు

మా అమ్మాయి భవ్యశ్రీ నోయిడాలో ఒక చిన్న కంపెనీలో యాప్ తెరలకు కదలిక నేర్పేది. తెలుగు అర్థమయ్యేది, జవాబు హిందీలో ఇచ్చేది. ఐదో తరగతితో చదువు ఆపేసిన నాకు తన పని చెప్పడానికి మాత్రం తెలుగు వెతుక్కునేది.

"చూడమ్మా, తెర మీద ఈ కార్డుని లాగి వదిలెయ్. స్ప్రింగుకి కట్టినట్టు వెనక్కొచ్చి, రెండు ఊపులు ఊగి ఆగాలి. అంతే, బస్."

స్ప్రింగు ఎంత బిగువు, ఊపు ఎంత త్వరగా తగ్గాలి, అన్నీ అంకెలే. ఫోను కాలాన్ని ముక్కలుగా కోసుకుని, ఒక్కో ముక్కకీ కార్డు ఎక్కడుండాలో లెక్క కడుతుందట.

ఆఫీసు ఫోన్లలో అది ముద్దుగా ఊగింది. నా పాత ఫోనులో ఒక ఊపు ఊగి, రెండోసారి ఇంకా దూరం పోయి, మూడోసారికి తెర దాటి మాయమైంది.

"నీ కార్డు ఎగిరిపోయిందే!" అని నవ్వాను. అనకుండా ఉండాల్సింది.

దాని మొహం మాడిపోయింది. "నీ ఫోను స్లో అమ్మా. ముక్కలు పెద్దవైపోయి, స్ప్రింగు అంతసేపూ ఒకేవైపు లాగేస్తోంది. అందరికీ మంచి ఫోన్లే ఉంటాయనుకున్నా, పాగల్‌ని నేను!"

గురువారం మేనేజరు రాజీవ్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. సోమవారంలోగా సరిచెయ్యి, లేకపోతే స్ప్రింగే తీసేద్దాం అన్నాడు. నాలుగు నెలల పని. శనివారం దానికి ఒళ్లు కాలే జ్వరం. ఆ వారం మేముండే మయూర్ విహార్‌లో మా బ్లాకు నిండా డెంగీ.

"రక్తపరీక్షకి పదవే."

"సోమ్‌వార్ కో, పక్కా."

నేను లాక్కెళ్లలేదు. పైగా పక్కనే కూర్చుని, చెప్పినప్పుడల్లా కార్డు లాగి వదిలాను. పెద్ద ముక్కను మళ్లీ చిన్న ముక్కలుగా కోయించి లెక్క కట్టించింది. ఆదివారం సాయంత్రం నా ఫోనులో కార్డు వెనక్కొచ్చి, రెండు ఊపులు ఊగి నిలబడింది. "దేఖా!" అంటూ నా భుజం మీద తల వాల్చింది. నిప్పులా ఉంది. సోమవారం ఆస్పత్రిలో చేర్చాం. బుధవారానికి మనిషి లేదు.

పదకొండో రోజున రాజీవ్ వచ్చాడు. హైదరాబాదువాడే. విస్తరి ముందు కూర్చుని, "చాలా సిన్సియర్ ఆంటీ" అన్నాడు.

"ఆ స్ప్రింగు బాగా ఊగుతోందా బాబూ?"

"అది తీసేశాం ఆంటీ. సింపుల్‌గా ఉంటే చాలన్నారు పైవాళ్లు. శుక్రవారమే డిసైడ్ అయింది."

"ఏ శుక్రవారం?"

"అదే... తనకి జ్వరం రాకముందు. వీకెండ్ కదా, సోమవారం చెబుదామనుకున్నా."

అతను తల వంచుకుని అన్నం కలుపుతున్నాడు.

పెరుగు వేయనా అని అడిగాను. వేయమన్నాడు.