గోళీ గీత దాటలేదు

సుమన్ పోయాక ఆ జీపును అమ్మేయమనే అందరూ అన్నారు. రేపల్లె దిగువన, సముద్రానికి దగ్గరున్న పల్లెలో, ఒడ్డుకొచ్చిన చేపల పెట్టెల్ని ఇసకలోంచీ రొయ్యల చెరువుల గట్ల మీంచీ తారు రోడ్డుకు చేర్చే జీపు అది. వాన పడుతున్న ఒక ఉదయం గట్టు మీద పక్కకు ఒరిగి, చెరువులోకి బోర్లా పడింది. తాళ్లు కట్టి దాన్ని లేపేసరికి కింద సుమన్ ఊపిరి పోయింది.

అతని భార్య కావేరి జీపును అమ్మలేదు. బాగుచేయించింది. బాపట్లలో డ్రైవింగు నేర్చుకుని తనే స్టీరింగు పట్టింది. మామ వెంకటప్పయ్య చాలాకాలం ఆమె ముఖం చూడలేదు.

మొదటి కిరాయికి ముందు ఆమె తెనాలి వెళ్లింది. సుమన్ టైరు మీద అరచేత్తో కొట్టి గాలి ఎంతుందో చెప్పేవాడు. ఆమెకు ఆ ధైర్యం లేదు. జీపు సామాన్లు అమ్మే ప్రకాశరావు బల్ల మీద టైర్లలో గాలి కొలిచే గేజిలు వరసగా పెట్టాడు.

"ఇది బ్యాటరీదమ్మా. అంకెలు చూపిద్ది."

"ఉప్పుగాలికి ఆగుద్దా బాబాయిగారూ?"

"నిజం చెప్పమంటే, ఎక్కువ కాలం ఆగదు."

లారీలకు వాడే పెద్ద గేజి చూపించాడు. "ఇసకలోకి దిగేటప్పుడు గాలి బాగా తీసేయాలండి. అంత తక్కువ గాలికి దీని ముల్లు సరిగా కదలదు కదా," అని ఆమె పక్కన పెట్టింది. చివరికి రబ్బరు తొడుగున్న చిన్న ముల్లు గేజి తీసుకుంది. మీట నొక్కితే కొంచెం కొంచెంగా గాలి వదులుతుంది, ఎంత మిగిలిందో అప్పటికప్పుడే కనిపిస్తుంది.

తర్వాత బండి ఒరుగును చూపే మీటరు అడిగింది. వంపు తిరిగిన గాజు గొట్టంలో నూనె, నూనెలో చిన్న గోళీ. బండి ఒరిగితే గోళీ పక్కకు జరుగుతుంది.

"ఎంత ఒరిగితే బండి పడిద్దో చెప్పిద్దా అండి?"

ప్రకాశరావు మీటరును బల్ల మీద కాస్త ఒరిగించి చూపించాడు. "అది చెప్పదమ్మా. ఎంత ఒరిగిందో అంతే చెప్పిద్ది. పైన ఎంత బరువు పేర్చావో, గట్టు లోపల ఎంత నానిందో దానికేం తెలుసు?"

"మా ఆయన బండిలో ఇదుంటే..."

అతను తల దించుకుని మీటరుకు కాగితం చుట్టసాగాడు.

చదునైన సిమెంటు నేల మీద జీపు నిలబెట్టి, గోళీ సరిగ్గా నడిమికి వచ్చేలా ఆమె దాన్ని బిగించింది. గోళ్ల రంగుతో గాజు మీద నడిమికి అటూ ఇటూ కొంచెం దూరంలో ఎర్రగా ఒక్కో గీత గీసింది. గోళీ ఏ గీత దగ్గరికొచ్చినా బండి ఆపేది. పెట్టెలు ఎప్పుడూ రెండు వరసలకు మించి ఎక్కించేది కాదు. ఎక్కించే మనుషులు విసుక్కునేవారు. ఆమె పట్టించుకునేది కాదు.

వానాకాలంలో ఆమె జ్వరంతో మంచానపడింది. మరిది గౌతమ్ తాళాలు తీసుకున్నాడు.

"రెండు వరసలే పెట్టు గౌతమ్. ఒక్క మీటరునే నమ్ముకోకు."

"గోళీ గీత దాటకుండా చూసుకుంటాలే వదినా."

ఒక్క విడతలో పని అయిపోతుందని అతను నాలుగు వరసలు పేర్చాడు. గట్టు మీదికొచ్చాక అంచు ఒక పక్కనుంచి జారింది. బరువంతా అటే లాగి, గౌతమ్ కాలు కింద నలిగేలా బండి గట్టు వాలున పడిపోయింది.

ఈసారి మనిషి బతికాడు. తెనాలి ఆసుపత్రిలో కుడికాలు మోకాలి కింద తీసేశారు. కావేరి మంచం పక్కన కూర్చుంటే అతను పైకప్పు వైపు చూస్తూ అన్నాడు:

"గోళీ గీత దాటలేదు వదినా. చూస్తానే ఉన్నా. గట్టు జారేదాకా అది దాటనే లేదు."

కావేరి తన చేతి వైపు చూసుకుంది. ఆ గీత గీసింది తన చెయ్యే. తన భయానికి గీసుకున్న గీత అతనికి ధైర్యమైంది.

వెంకటప్పయ్య పడున్న బండిలోంచి గడ్డపారతో మీటరు ఊడబెరికి చెరువులోకి విసిరేశాడు. "మా ఇంటి మగాళ్లని తినేస్తంది ఈ బండి," అన్నాడు. ఆమె అడ్డుపడలేదు.

బండిని మాత్రం మళ్లీ పైకి లాగించింది. ఇంట్లో సంపాదించే మనిషి ఇప్పుడు ఆమె ఒక్కతే. వాన పడితే గట్టు మీదికి బండి ఎక్కించదు. తొందరున్నవాళ్లు వేరే బండ్లు పిలుచుకుంటున్నారు. గౌతమ్ అరుగు మీద కూర్చుని వలలు బాగుచేస్తాడు. జీపు స్టార్టయిన చప్పుడు వినగానే ముఖం గోడవైపు తిప్పుకుంటాడు. ఆమె అటు చూడకుండా గేరు వేస్తుంది.