మెడతో చేసే బేరం

బేరం నోటితో కాదు, మెడతో చెయ్యాలని మా నాన్న నేర్పారు. తాడేపల్లిగూడెంలో మాది కిరాణా కొట్టు. అవతలివాళ్ళు ధర చెప్పగానే తల నిదానంగా అడ్డంగా ఊపాలి. నాలుగడుగులు వెళ్ళిపోవాలి. అప్పుడు మెడ ఒక్కటే తిప్పి ఓరగా చూడాలి. తప్పకుండా పిలుస్తారు. ఈ విద్యతో నేను చీరలూ మంచాలూ కొన్నాను, ఒకసారి పెళ్ళి బ్యాండుని సగానికి దింపాను. అందుకే మా తమ్ముడు రాంబాబు ఫోన్ చేశాడు.

వాడు కొల్లేటికోట దారిలో తొలిసారి చేపల చెరువు కౌలుకు తీసుకున్నాడు. తెల్లవారితే పట్టుబడి, అంటే వల లాగి చేపంతా పట్టేసే రోజు. సాయంత్రం వానకి గట్టు మెత్తబడింది కాబట్టి ఐసు లారీ తారురోడ్డు దాటి రాదు. లారీదాకా దూరం పెరిగింది, చేపల ట్రేకి ఇంతని ఇచ్చే రేటు పెంచమని మోసే ఆడవాళ్ళు పట్టుబట్టారు. వాళ్ళు మోయకపోతే వలలో చేప ఎండకి చస్తుంది. వాడి ఏడాది కష్టం గట్టు మీదే కుళ్ళిపోతుంది.

"అక్కా, నువ్వొచ్చి మాట్లాడు" అన్నాడు, నన్నేదో కలెక్టరుగారిని పిలిచినట్టు.

తెల్లవారుజామున గూడెంలో పాసింజరు ఎక్కాను. ఏలూరులో బస్టాండుకి ఆటో అతను చెప్పిన ధరకు మెడ ఊపి, నడిచి, ఓరగా చూశాను. "రండమ్మా, బోణీ టైము" అంటూ తగ్గాడు. ఆ మిగులుతో పెసరట్టు మీద ఉప్మా వేయించుకున్నాను. కైకలూరు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఊళ్ళు పలచబడ్డాక అటూ ఇటూ నీళ్ళే. గట్ల మీద కొంగలు.

"ఏది చెరువో ఏది కొల్లేరో ఎలా తెలుస్తుందండీ?" అని పక్కనున్న పెద్దాయన్ని అడిగాను.

"కోర్టులో తెలుస్తుందమ్మా" అన్నారాయన, కళ్ళు తెరవకుండానే.

కైకలూరులో షేర్ ఆటో పట్టుకుని చెరువుకి చేరేసరికి వల సగం దగ్గరికి లాగేశారు. నీళ్ళలో శీలావతి చేపలు ఎగిరిపడుతున్నాయి. గట్టు మీద మోతజట్టు ఆడవాళ్ళు ఖాళీ ట్రేలు బోర్లించుకుని వాటి మీద కూర్చున్నారు. జట్టుకి పెద్ద నాగరత్నంగారు, నాకంటే పదేళ్ళు పెద్దావిడ, రేటు చెప్పింది. నేను మెడ ఊపాను. నాలుగడుగులు నడిచాను. ఓరగా చూశాను.

"అటు బురదండి, జారతారు" అంది తాపీగా.

ఎవరూ పిలవలేదు. నేనే తిరిగొచ్చి రెండో ఎత్తు వేశాను.

"మీరడిగిన రేటే ఇద్దామండీ. కాకపోతే ట్రేని అంచుదాకా కాదు, గోపురంలా నింపుదాం."

"ఆయ్, అలాగేనండి" అందావిడ వెంటనే. అంత తొందరగా ఒప్పుకున్న మనిషిని అనుమానించాలని కొట్లో పుట్టిన నాకు తట్టలేదు. "మా జట్టులో ఓ పద్ధతుందండి. బరువు మార్చినోళ్ళు మొదటి ట్రే మొయ్యాలండి. మీరు లారీకాడికి ఎంత చేరిస్తే, రోజంతా ట్రేకి అంతేనండి."

ఒక్క ట్రేయే కదా! కొంగు బిగించాను. నెత్తిన చుట్టకుదురు పెట్టి, ఇద్దరు కలిసి ట్రే ఎత్తారు. ఆ క్షణంలో నా మెడ భుజాల్లోకి దిగిపోయింది. బురదలో కాలివేళ్ళతో నేలని పట్టుకుని నడవాలి. చేపనీళ్ళు వెన్ను మీదుగా నడుందాకా కారుతున్నాయి. చెమట కళ్ళలో పడితే తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. బతికున్న ఒక శీలావతి తోకతో నా చెవి మీద కొట్టింది. నాగరత్నంగారు ఖాళీ ట్రే పట్టుకుని వెనకే వస్తోంది.

"ఓ రెండు తీసెయ్యండి" అన్నాను.

"తీస్తానండి. అందరికీ తీసినట్టేనండి మరి."

"తీయండి."

పది అడుగులు పోయాక, "ఇంకో రెండు."

"ఆలోచించుకోండమ్మగారూ. తమ్ముడుగారు చూస్తున్నారు."

"వాడి మొహం! తీయండి!"

జీవితంలో మొదటిసారి నా మీద నేనే బేరమాడాను, ఓడిపోయాను. అలా తీయిస్తూ తీయిస్తూ లారీ దగ్గర దించేసరికి గోపురం సంగతి దేవుడెరుగు, ట్రే అంచుకి జానెడు కిందకి దిగింది.

"ఇదే ఖాయమండి" అంది నాగరత్నంగారు. "మధ్యలో టీ కూడానండి."

"అక్కా, నువ్వు రాకపోతేనే బాగుండేది" అన్నాడు రాంబాబు.

మధ్యాహ్నం దాటేదాకా వాళ్ళు తిరుగుతూనే ఉన్నారు. బరువుతో వెళ్ళేటప్పుడు ఒక్క మాట లేదు, ఖాళీగా వచ్చేటప్పుడు నా నడకని అనుకరిస్తూ ఒకటే నవ్వులు. పిలిస్తే ఎవరూ మెడ తిప్పరు, మనిషి మొత్తం తిరుగుతారు. ఎందుకో అప్పటికి నాకు అర్థమైంది. చేప చెడకుండా లారీ కదిలాక రాంబాబు మొహం తేటపడింది. నాగరత్నంగారు ఒక శీలావతిని నా సంచిలో వేసి, "కూరకండి" అంది. మా తమ్ముడి చేపనే నాకు దానం చేసింది.

తిరుగుదారిలో ఏలూరు స్టేషను బయట జామకాయల అబ్బాయి ధర చెప్పాడు. తల ఊపబోయాను, కదల్లేదు. సరే, నాలుగడుగులు నడిచాను. ఓరగా చూడాలంటే మెడ రాలేదు. మనిషి మొత్తం తిరిగాను, సంచీ చేపా సహా.

"వచ్చేశారా అమ్మా!" అంటూ తూచేశాడు. అడిగినంతా ఇచ్చాను.

రైలు కదిలాక నాన్న ఫోన్ చేశారు. "బేరం అయిందా? గొంతేంటే అలా ఉంది?"

"మెడ పట్టేసింది నాన్నా."

"ఏం మోశావే?"

"మీరు నేర్పిన విద్య" అన్నాను.