లేబుల్ లేని బటన్లు

బర్ దుబాయ్‌లో బట్టల దుకాణాల వెనక సందులో ఉంటుంది ఆదిలక్ష్మి. కాకినాడ మనిషి. భర్త దక్షిణామూర్తి ఒక షిప్పింగ్ కంపెనీలో అకౌంట్లు చూస్తాడు. చిన్నప్పటి రేచీకటి ముదిరి ముదిరి, నలభై దాటేసరికి ఆమెకు చూపు పూర్తిగా పోయింది. మొదట్లో చాలాకాలం మంచం దిగలేదు. తెరమీద ఉన్నదంతా పైకి చదివి వినిపించే ఏర్పాటు ఫోన్‌లోనే ఉందని తెలిశాక మాత్రం పట్టుబట్టి నేర్చుకుంది. ఇప్పుడు ఆ ఫోన్ గొంతు ఎంత వేగంగా వాగుతుందంటే, పక్కవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు. ఆమెకు మాత్రం ప్రతి మాటా స్పష్టమే.

ఇంటి సరుకులు తెప్పించే పని ఆమెదే. ఏ కందిపప్పు త్వరగా ఉడుకుతుందో, ఏ రకం బియ్యం పులిహోరకు పొడిపొడిగా వస్తుందో ఆమెకు తెలుసు. ఫోన్‌లోని సరుకుల యాప్‌లో వేలు జరుపుకుంటూ, విని, ఎంచి, ఆర్డర్ పెట్టేసేది. అందులో ఆమెకు కాస్త గర్వం కూడా.

కిందటేడు ఆ సరుకుల యాప్ వాళ్లు యాప్‌కి కొత్త సోకులు దిద్దారు. ఆ మర్నాడు ఉదయం కొత్తిమీర కోసం వేలు జరిపితే ఫోన్, "బటన్. బటన్. లేబుల్ లేని బటన్" అంది. ఏది పెంచేదో, ఏది తగ్గించేదో చెప్పలేదు. పాత అలవాటు కొద్దీ ఒకచోట నొక్కింది. చప్పుడు లేదు. పడలేదేమోనని మళ్లీ నొక్కింది. మళ్లీ మళ్లీ నొక్కి, చివరికి ఎలాగో ఆర్డర్ పెట్టేసింది.

మధ్యాహ్నం ఎప్పుడూ వచ్చే డెలివరీ మనిషి ఇర్షాద్ తలుపు కొట్టాడు. రొప్పుతున్నాడు.

"ఆంటీజీ, ఘర్ మే శాదీ హై క్యా?" ఇంట్లో పెళ్లేమైనా ఉందా అని.

చేతులు చాపితే సంచుల నిండా కొత్తిమీర. ఆదిలక్ష్మికి విషయం అర్థమై, గుమ్మానికి ఆనుకుని కడుపుబ్బ నవ్వింది. "శాదీ కాదు బాబూ, పచ్చడి!" అంది. పక్క ఫ్లాట్‌లో పనిచేసే చిట్టెమ్మను కేకేసి, ఇద్దరూ కూర్చుని కాడలు తుంచారు. సాయంత్రానికి ఆ అంతస్తులో కొత్తిమీర పచ్చడి అందని ఇల్లు లేదు.

దక్షిణామూర్తి కూడా రెండుసార్లు వడ్డించుకున్నాడు. "పోనీలే లక్ష్మీ, ఇకనుంచి సరుకులు నేనే పెడతాలే" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అయినా ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

"వద్దండీ. ఇవాళ సరుకులు మీరు పెడతారు. రేపు బ్యాంకు పని మీరే చూస్తానంటారు. ఎల్లుండి మా అక్క ఫోన్ చేస్తే అది కూడా మీరే ఎత్తుతారు. మరి నేనేం చెయ్యను?"

ఆయన ఆమె ఫోన్‌ను ఆమె చేతికి అందేలా జరిపాడు.

మర్నాడు యాప్‌లోనే ఫిర్యాదు రాయబోయింది. మీరు మనిషేనని రుజువు చేసుకోండి, ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు ఎంచండి అంది తెర. చెవికి వినిపించే పరీక్ష ఏదైనా ఉందేమోనని వెతికింది. లేదు. మళ్లీ చిట్టెమ్మే దిక్కయింది.

"లైట్లు మూడిట్లో ఉన్నాయండి. నాలుగో దాంట్లో ఉత్త స్తంభమే కనపడతంది."

"స్తంభం కూడా లెక్కలోకి వస్తుందా?"

"మా ఊళ్లో అయితే వత్తదండి. ఇక్కడెలాగో మరి!"

స్తంభం లెక్కలోకి రాలేదు. ఈసారి పడవల బొమ్మలు వచ్చాయి. అవీ తప్పాయి. ఇద్దరూ మనుషులు కారని యాప్ తేల్చేసింది.

ఈ సంగతి విని ఇర్షాద్ నవ్వాపుకోలేక, తమ ఆఫీసులో మనిషి ఎత్తే ఫోన్ నంబరు ఇచ్చాడు. ఆదివారం భర్త ఫోన్ తీసుకుని ఆ నంబరుకు చేసింది. అటునుంచి ఒకమ్మాయి ఇంగ్లీషులో మొదలుపెట్టి, ఈమె యాస పసిగట్టి తెలుగులోకి దిగింది. పేరు నిఖిత, వరంగల్ పిల్ల.

"ఆంటీ, ప్రాబ్లమ్ యాడుందో ఒక్క స్క్రీన్‌షాట్ తీసి పంపుతరా?"

"అమ్మాయ్, తెర నాకు కనపడితే నీకెందుకు ఫోన్ చేస్తాను? ఉండు, వినిపిస్తాను."

తన ఫోన్‌ను ఆ ఫోన్ పక్కన పెట్టి వేలు జరిపింది. బటన్. బటన్. లేబుల్ లేని బటన్.

"అయ్యో, గిదేంది ఆంటీ? అన్నీ బటన్లేనా?"

"అన్నీ బటన్లే తల్లీ. సరుకులు కొంటున్నానో, చొక్కా కుట్టించుకుంటున్నానో తెలియడం లేదు."

నిఖిత పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక, "ఆంటీ, వేరే యాప్‌లు గూడ గిట్లనే ఉంటయా?" అని మెల్లగా అడిగింది.

"చాలావరకు ఇంతే. మీదైతే మొన్నటిదాకా బాగానే ఉండేది. అందుకే కోపం."

ఆ సాయంత్రం నిఖిత తన ఫోన్‌లోనూ ఆ చదివే గొంతు పెట్టి చూసింది. ఎలా ఆపాలో తెలియక, మెట్రోలో తన మెసేజ్‌లన్నీ పెట్టె నిండా జనానికి వినిపించింది. మర్నాడు తనే ఫోన్ చేసి ఆ కథ చెబుతుంటే ఆదిలక్ష్మి కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వి, ఆపే పద్ధతి నేర్పింది.

యాప్ తయారుచేసేవాళ్లు వెంటనే కదల్లేదు. వచ్చే అప్‌డేట్‌లో చూస్తామన్నారు. ఆ అప్‌డేట్ వచ్చింది, బటన్లు అలాగే ఉన్నాయి. ఆదిలక్ష్మి వారం వారం ఫోన్ చేసేది. నిఖిత వారం వారం వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లి నిలబడేది. ఎండలు ముదిరాక ఒక పొద్దున ఫోన్ స్పష్టంగా పలికింది: "బెండకాయలు, అరకిలో. పెంచండి. తగ్గించండి."

ఆదిలక్ష్మి ఒకసారి పెంచింది, ఒకసారి తగ్గించింది. అవసరం లేకపోయినా ఇంకోసారి పెంచి, తగ్గించింది. తర్వాత నిఖితకు ఫోన్ చేసింది.

"మా ముదీర్, అదే మేనేజర్, అడుగుతుండు ఆంటీ, ఇగ కొత్తది వదిలేముందు మీరొకసారి పరీక్ష చేసి చెప్తరా అని."

"నేనొక్కదాన్నే ఎందుకు? షార్జాలో మాకు తెలిసిన త్రిమూర్తులు గారున్నారు, ఆయనదీ కళ్ల జబ్బే. కాకపోతే ఆయనకు కాస్త చూపు మిగిలుంది. ఆయన బాధలు వేరు."

అలా ఒక శనివారం ముగ్గురూ ఆ కంపెనీ ఆఫీసులో కూర్చున్నారు. డబ్బు కట్టే పేజీలో, బ్యాంకు పంపిన ఓటీపీ అంకెలను ఫోన్ చదివి ముగించేలోపే గడువు అయిపోతోందని ఆదిలక్ష్మి చూపించింది. త్రిమూర్తులు తెరను ముక్కుకు ఆనించుకుని, "తెల్ల కాగితం మీద బూడిద రంగు అక్షరాలేంటమ్మా! విభూతితో రాశారా?" అని కేకలేశాడు. నిఖిత నవ్వుతూనే అన్నీ రాసుకుంది.

దసరా నాటికి గడువు పెంచారు. బూడిద అక్షరాలు మాత్రం ఇంకా మారలేదు. వాటి సంగతి త్రిమూర్తులు చూసుకుంటున్నాడు, రోజూ ఫోన్ చేసి మరీ.