ఒక్కపొద్దు నాడు మింగని మాత్ర

1955. కర్నూలు అప్పటికి రాజధాని. ఊరికి ఆ హోదా ఇంకా కొత్త. కొన్ని ప్రభుత్వ కార్యాలయాలు గుడారాల్లోనే నడిచేవి. గాలిదుమారం లేచినప్పుడు గుమాస్తాలు కాగితాల వెంట పరుగెత్తుతుంటే మేం ఆసుపత్రి వరండాలో నిలబడి నవ్వుకునేవాళ్లం. మాది ఊరి చివర చిన్న మిషన్ ఆసుపత్రి. అందులో ఆడవాళ్ల వార్డుకి నేను స్టాఫ్ నర్సుని. వయసు ముప్ఫై ఒకటి. నాకు తెలియనిది లేదని గట్టిగా నమ్మే వయసది.

మా డాక్టరమ్మ మద్రాసులో చదివిన మనిషి. ఆమె పేషెంటును చూసేలోపు నేను వివరాలు అడిగి ఓపీ కార్డు మీద ఇంగ్లీషులో రాసి పెట్టాలి. ఓపీ కార్డంటే బయటి నుంచి వచ్చిపోయే రోగి పేరున ఉండే అట్టముక్క. దాని మీద రాసే రోగం పూర్వాపరాలను మేం హిస్టరీ అంటాం. నా హిస్టరీలు చూసి డాక్టరమ్మ మెచ్చుకునేది. నా చేతిరాత కూడా గుండ్రంగా ఉండేది. ఆ రెండింటినీ చూసుకుని నేను కాస్త మిడిసిపడేదాన్ని, దాచడమెందుకు.

ఆ ఫిబ్రవరిలో పత్తికొండ దగ్గరి పల్లె నుంచి ఓబులమ్మ అనే ఆవిడ వచ్చింది. యాభై ఏడేళ్లు. జొన్న, వేరుశనగ పండించే పెద్ద రైతు కుటుంబం. వెంట భర్త తిమ్మారెడ్డి ఉన్నాడు. ఆయన ఆడవాళ్ల ఓపీలోకి రావడానికి సిగ్గుపడి వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు.

"ముట్లు ఉడిగిపోయి ఆరేండ్లాయ నర్సమ్మా. మళ్లా కనపడతాండాది," అంది ఓబులమ్మ మెల్లగా, చుట్టూ చూసి.

ఆమె పాత కార్డు వెతికి తీశాను. అయిదేళ్ల క్రితం, ఇప్పటి డాక్టరమ్మకు ముందున్నావిడ, ఆమెకు స్టిల్బెస్ట్రాల్ అనే మాత్ర మొదలుపెట్టింది. ముట్టు ఆగే వయసులో ఒంట్లో ఒక హార్మోన్ తగ్గిపోతుంది. ఆ లోటు తీర్చడానికి ఇచ్చే మాత్ర అది. అప్పట్లో ఓబులమ్మకు హాట్ ఫ్లష్‌లు, అంటే ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిరెత్తి చెమటలు పోయడం, విపరీతంగా ఉండేవట. రొట్టెలు కాలుస్తూ కాలుస్తూ పెనం వదిలేసి పోయి తొట్టిలో తలముంచేదట. మాత్రలతో అది తగ్గింది. నిద్ర పట్టింది. మూడు నెలలకోసారి భర్త వచ్చి మాత్రలు తీసుకుపోయేవాడు. ఆమెను తీసుకురమ్మని మేమెవరమూ అనలేదు.

"మాత్రలు రోజూ వేసుకుంటాండారా పెద్దమ్మా?"

"రోజూ ఏసుకుంటాండా."

"ఎన్నిసార్లు కనపడింది?"

ఆమె వేళ్లు మడిచి చెప్పింది. పోయినేడు చైత్రంలో జాతరప్పుడు ఒకసారి, శ్రావణంలో ఒకసారి, కార్తీకంలో ఒకసారి. నేను చకచకా లెక్క కట్టి కార్డు మీద ఏప్రిల్, ఆగస్టు, నవంబరు అని రాశాను. మాత్రలు క్రమంగా వాడుతోంది అని కూడా రాసి కింద గీత గీశాను.

ఆ కార్డు చదివి డాక్టరమ్మ ముఖం మారిపోయింది. ముట్టు ఆగిన ఆరేళ్లకు, ఒక వరస లేకుండా రక్తస్రావం. గర్భసంచి క్యాన్సరేమోనన్న అనుమానం ఏ డాక్టరుకైనా ముందు వస్తుంది. వెంటనే అడ్మిట్ చెయ్యమంది. మర్నాడు శుక్రవారం మత్తు ఇచ్చి క్యూరెటేజ్ చేసింది. అంటే గర్భసంచి లోపొరను గీకి తీయడం. ఆ ముక్కను సీసాలో పెట్టి, సూక్ష్మదర్శిని కింద చూడడానికి మద్రాసు పంపాం. జవాబు రావడానికి రెండు మూడు వారాలు.

శనివారం పొద్దున ఓబులమ్మ మంచం దగ్గరికి ఐరన్ మాత్ర, గ్లాసుతో నీళ్లు తీసుకుపోయాను. తల అడ్డంగా తిప్పింది.

"ఈ పొద్దు శనివారం. ఒక్కపొద్దు. మందు మింగను."

"మందుకీ ఒక్కపొద్దుకీ ఏం సంబంధం పెద్దమ్మా?"

"బయటి వస్తువు నోట్లో పడితే ఇంక ఒక్కపొద్దు ఎట్లయితాదమ్మీ? కాఫీ తాగను, ఆకూవక్కా యేసుకోను. మాత్తర మాత్రం మింగితే సరిపాయనా?"

నాకు కోపం వచ్చింది. మొండి మనుషులతో ఇదే గోల అనుకుంటూ గ్లాసు పక్కన పెట్టాను. రెండు మంచాలు దాటానో లేదో కాళ్లు ఆగిపోయాయి. వెనక్కి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"పెద్దమ్మా, జాతరప్పుడు ఎన్ని రోజులు ఒక్కపొద్దు ఉంటారు?"

"తొమ్మిది దినాలు. శ్రావణం నెలంతా. కార్తీకం నెలంతా."

"ఆ రోజుల్లో ఆవిర్లకిచ్చిన మన తెల్ల మాత్ర?"

"అది మాత్రం మందు కాదా ఏం?"

"మరి రోజూ వేసుకుంటాండానని చెప్పినారే!"

"ఏసుకునే దినాల్లో రోజూ ఏసుకుంటాండా," అంది ఆమె, నా తెలివితక్కువకు ఆశ్చర్యపోతూ.

ఈ మాత్రల సంగతి చదువుకున్న నర్సుకి తెలిసి ఉండాల్సిందే. ఇన్నాళ్లూ లోపలి పొరను పెంచుతూ వచ్చిన హార్మోన్‌ని ఒక్కసారి ఆపేస్తే వారం పది రోజుల్లో ఆ పొర ఊడి రక్తం కనపడుతుంది. విత్‌డ్రాయల్ బ్లీడింగ్ అంటారు. ఆమె చైత్రం, శ్రావణం, కార్తీకం అని చెప్పినప్పుడు మూడూ ఉపవాసాల రోజులేనని ఎదుట కనిపిస్తూనే ఉంది. నేను దాన్ని ఏప్రిల్, ఆగస్టు, నవంబరుగా మార్చి ఆ వరసను చేతులారా చెరిపేశాను. నా గుండ్రటి చేతిరాత మీద నాకే అసహ్యం వేసింది.

ఇన్నేళ్లూ లేనిది పోయినేడే ఎందుకు మొదలైందో కూడా అప్పుడే తెలిసింది. వాళ్ల ఊళ్లో జాతర రోజు అమ్మవారి ముందు అన్నం రాశిగా పోస్తారు. దాన్ని కుంభం అంటారు. ఆ అన్నం వండే హక్కు వాళ్ల ఇంటిది. ముట్లుడిగిన ఇంటి పెద్దావిడే వండాలి. అంతకుముందు ఏడు అత్త పోవడంతో ఆ హక్కూ, దానితో పాటు ఉపవాసాలూ ఓబులమ్మకు వచ్చాయి.

"ముప్పయ్యేండ్లు మా అత్త పక్కన నిలబడి నీళ్లు పోసినా. నా చేత్తో వండే దినం వచ్చె. పొయ్యి ముట్టించినానో లేదో, కనపడె. లేసి బైటికి పోతి. మా తోడికోడలు వండె," అంది. అక్కడిదాకా గట్టిగానే చెప్పిన మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అమ్మకు నా చెయ్యి పనికిరాలేదని ఊరంతా అంటాండారు. ఈ ఏడూ అట్లయితే ఇంక ఆ పొయ్యి నాది కాదు."

నేను పోయి డాక్టరమ్మకు అంతా చెప్పాను, నా కార్డు తప్పుతో సహా. ఆమె నన్ను తిట్టలేదు. "చాలావరకు ఇదే కారణం అయ్యుండాలి. అయినా రిపోర్టు వచ్చేదాకా ధైర్యం చెప్పకు," అంది. అప్పటిదాకా ఏదీ మార్చవద్దని, శనివారాలతో సహా రోజూ మాత్ర వేసుకోవాలని ఓబులమ్మకు చెప్పి పంపింది. ఆమె ఎంత ఇబ్బంది పడుతూ ఒప్పుకుందో నేను చూశాను.

మూడో వారంలో రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ లేదు. దంపతులకు కబురు పంపాం. వచ్చింది శుక్రవారం. ఓబులమ్మ గుడ్డలో వేయించిన వేరుశనగకాయలు తెచ్చింది. ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"ఈరోజు తినను పెద్దమ్మా. మాకు శ్రమదినాలు. శుక్రవారాలు సాయంత్రం దాకా ఏమీ ముట్టను," అన్నాను. మాది మా తాతల నాటి నుంచి చర్చికి పోయే కుటుంబం. ఈస్టర్ పండగకు ముందు నలభై రోజులు మాకు ఉపవాసాల కాలం. ఆమె తలూపి మూట మళ్లీ కట్టింది.

రిపోర్టు సంగతి విని ఆమె చేతులు జోడించింది. డాక్టరమ్మ ఈసారి తిమ్మారెడ్డిని కూడా లోపలికి పిలిపించి కూర్చోబెట్టింది.

"రెండు దార్లున్నాయమ్మా," అంది. "ఒకటి, మాత్ర ఇలాగే కొనసాగించడం. అయితే ఒక్కరోజు కూడా తప్పకూడదు, రక్తం కనపడితే వెంటనే రావాలి. రెండోది, తగ్గించుకుంటూ పూర్తిగా మానేయడం. ఆవిర్లు మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు. ఈ వయసులో మీకు ఇది ఇంకా అవసరమో కాదో మానితేనే గాని తెలియదు. నా మాటైతే మాని చూడమనే. కానీ కష్టం పడేది మీరు. మీరే చెప్పండి."

తిమ్మారెడ్డి అందుకున్నాడు. "మానొద్దు తల్లీ. ఆ మాత్తరలు రాకముందు మా ఇంట్లో గిన్నెలు ఎగిరినాయి. నేను సద్ది మూట కట్టుకుని చేన్లోనే ఉంటి."

"ఎగిరింది ఒగటే గిన్నె. అదీ నీకు తగల్లా," అంది ఓబులమ్మ.

డాక్టరమ్మ కూడా నవ్వింది. కానీ ఓబులమ్మ కళ్లలో భయం నాకు కనపడుతూనే ఉంది. ఆ ఆవిర్లంటే ఆమెకు నిజంగా భయం. వాటితో రెండేళ్లు వేగిన మనిషి. బయటికి తీసుకొచ్చాక నా తెలివంతా ఉపయోగించి సలహా చెప్పాను.

"పెద్దమ్మా, మానడం ఎందుకు? ఆ తొమ్మిది రోజులూ తెల్లారి ఒక మాత్ర మింగండి. రక్తం రాదు. ఆవిర్లూ రావు. కుంభం మీ చేత్తోనే వండొచ్చు. ఎవరు చూస్తారు?"

ఆమెకు కోపం రాలేదు. మూట విప్పి గుప్పెడు కాయలు నా ముందు పెట్టింది.

"ఈడ ఎవురూ లేరమ్మీ. తిను."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"తినవు కదా. నీకెట్లనో నాకీ అట్లే," అంది. కాయలు మళ్లీ మూటలో వేసుకుంది. "మానుతా. ఆవిరొస్తే రానీ. అది నా ఒంట్లోది, నేను పడతా. దొంగతనంగా మింగి వండిన అన్నం నేను అమ్మ ముందర పొయ్యలేను."

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు నాకు మంచే చేసింది. నేను వార్డులోకి పోయి, అక్కడ పనులు చూసే ఆయమ్మ దగ్గరున్న పంచాంగం అడిగి తెచ్చాను. ఈసారి లెక్క తెలుగు నెలల్లోనే కట్టాను. ఫాల్గుణ పౌర్ణమి దాకా సగం మాత్ర, ఆ మర్నాటి నుంచి పూర్తిగా బంద్. రక్తం కనపడేదుంటే ఉగాదిలోపు కనపడి పోతుంది. జాతర చైత్ర పౌర్ణమి దాటాక. మధ్యలో కావలసినన్ని రోజులు. డాక్టరమ్మ సరేనన్నాక కాగితం మీద సగం చంద్రుడినీ నిండు చంద్రుడినీ గీసి ఇచ్చాను. చదువు రాకపోయినా ఆమె ఒక్క చూపులో అర్థం చేసుకుంది.

ఆ తర్వాత నెలన్నర పాటు ఆమె నా తలలో తిరుగుతూనే ఉంది. మందు ఇచ్చి మరిచిపోవడం అలవాటైన నేను పంచాంగం చూసుకుంటూ రోజులు లెక్కపెట్టాను. జాతర మంగళవారం నాడు చేతిలో థర్మామీటరు పట్టుకుని ఏ మంచం దగ్గరికి పోవాలో మరిచిపోతే ఆయమ్మ నవ్వింది.

గురువారం పత్తికొండ బస్సు దిగి ఓబులమ్మ నేరుగా వార్డుకే వచ్చింది. ఎండకు ముఖం కందిపోయి ఉంది. ఒక్కతే వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"వండితినమ్మీ!" అంది.

నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఉగాదికి ముందు రెండు రోజులు కొద్దిగా కనపడి పోయిందట, నేను గీసిన కాగితం ప్రకారమే. తర్వాత ఏమీ లేదు.

"ఆవిర్లు?"

"వచ్చినాయి. శానా లేవు, ముందర మాదిరి కాదు. కుంభం వండేటప్పుడు ఒళ్లంతా చెమట్లు పోసె. అది ఒంటి వేడో పొయ్యి వేడో నాకి తెల్లేదు. తెలుసుకునే తీరికా లేకపాయ." నవ్వి అడిగింది. "అయితే అమ్మీ, మాని చూడమని ఇన్నేండ్లూ నాకి ఎవురూ ఏంటికి చెప్పలా?"

ఆ మాత్ర మొదలుపెట్టింది మేమే. మూడు నెలలకోసారి డబ్బా నింపి ఇచ్చిందీ మేమే. ఆవిర్లు ఎప్పుడు సద్దుమణిగాయో ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు.

ఆ మర్నాటి నుంచి నా ఓపీ కార్డుల మీద రెండు ప్రశ్నలు కొత్తగా చేరాయి. ఈ మందు మీరు ఏయే రోజుల్లో వేసుకోరు? ఇది ఇంకా కావాలని మీకు అనిపిస్తోందా? నెలలు మాత్రం రోగి ఏ పేరుతో చెబితే ఆ పేరుతోనే రాసేదాన్ని. కొత్తగా వచ్చిన డాక్టర్లు కార్డు మీద తెలుగు నెలలేమిటని విసుక్కున్నారు. విసుక్కోనిచ్చాను. స్టిల్బెస్ట్రాల్ వాడకం తర్వాత పోయింది, వేరే మాత్రలు వచ్చాయి. కొనసాగించిన వాళ్లున్నారు, మానిన వాళ్లున్నారు. ఎవరికీ నేను ఇది చెయ్యండని చెప్పలేదు. తెలిసినంతా చెప్పి, వాళ్లు తేల్చుకునేదాకా పక్కన కూర్చున్నాను.

ఆ గురువారం వెళ్లబోతూ ఓబులమ్మ సంచిలోంచి ఒక గిన్నె తీసి నా చేతిలో పెట్టింది. మూత తీస్తే నాలుగు ఓళిగలు, అంటే బొబ్బట్లు, నెయ్యి రాసి మడిచినవి. నేను ఒక్క క్షణం తటపటాయించాను. అమ్మవారికి పెట్టిన ప్రసాదం మా ఇళ్లలో తినరు. ఆమె నొచ్చుకోకుండా ఎలా చెప్పాలా అనుకుంటున్నాను.

"నాకి తెలుసులే," అంది ఆమె. "అమ్మకు పెట్టకముందే నీకని పక్కన తీసి పెట్టినా. నీ పెద్ద పండగ కూడా ఆదివారం అయిపాయ కదా. ఇంక తిను."

నిలబడే తిన్నాను, నాలుగూ.